వండినదా, వండనిదా?

మా బావగారు బ్యాంకులో రిటైరయ్యి, మెడలో వేసిన దండ వాడకముందే ఎక్సెల్ షీటు తెరిచారు. ముప్పై అయిదేళ్లు ఊరందరి ఖాతాలు సరిచూసిన మనిషికి తన ఖాతా ఒకటి మిగిలిపోయిందని అప్పుడు గుర్తొచ్చినట్టుంది. పైన శీర్షిక: ‘శేషజీవితానికి చవకైన నగరం’. ఎడమపక్క తొమ్మిది ఊళ్లు. అడ్డంగా గళ్లు: అద్దె, బియ్యం, పాలు, కరెంటు, పనిమనిషి, గుడి ఎంత దూరం, ఆసుపత్రి. అన్ని గళ్లలోనూ అంకెలున్నాయి. ఆసుపత్రి గడిలో మాత్రం తొమ్మిది ఊళ్లకీ ఒకే మాట: ‘ఉంది’.

ఈ జబ్బు ఆయన ఒక్కరిదే అయితే ఇంట్లోనే దాచుకునేవాళ్లం. ఇప్పుడు ఏ పత్రిక తిరగేసినా, ఏ వీడియో నొక్కినా ‘రిటైరైనవారికి పది చవకైన నగరాలు’ ఎదురవుతున్నాయి. ఈ జాబితాలన్నిటిలోనూ ఒకే పెద్దమనిషి కాపురం ఉంటాడు. తెల్లారగట్ల అయిదింటికి లేచి చెరువుగట్టు మీద నడుస్తాడు. మోకాళ్లు నొప్పి పుట్టవు. పన్ను ఊడదు. మేనల్లుడి పెళ్లికి చదివింపులుండవు, పెద్దమ్మ దినానికి ప్రయాణాలుండవు. ఏటా ఒక జత పంచెలు, నెలకో గ్యాసుబండ, వారానికి నాలుగు కట్టల తోటకూర. అంతటి పుణ్యాత్ముడు ఏ ఊళ్లోనైనా చవగ్గానే బతుకుతాడు. బంజారాహిల్స్‌లో పెట్టినా బతుకుతాడు. ఊరిని ఎందుకు మెచ్చుకోవడం?

బావగారి జాబితాలో మొదట తిరుపతి ఉండేది. అద్దెలు ఫరవాలేదు, దేవుడు పైనే ఉన్నాడు, ఇంతకంటే ఏం కావాలన్నారు. ఏం వద్దో ఆయనకి తెలియలేదు. తిరుపతిలో ఇల్లు తీసుకున్న రిటైరైన మనిషంటే చుట్టాల దృష్టిలో జీతంలేని సత్రం మేనేజరు. ఇరవై ఏళ్లుగా ఫోను చెయ్యని పినమామగారి తోడల్లుడు కూడా ‘ఎల్లుండి వస్తున్నాం, ఏడుగురం’ అంటాడు. మూడువందల రూపాయల దర్శనం టికెట్లు వాళ్లే కొనుక్కుంటారు, అది వాళ్ల మర్యాద. కాఫీలు, ఇడ్లీలు, గుండు చేయించుకొచ్చిన పిల్లలకి వేడినీళ్లు మన మర్యాద. తిరుపతిలో స్థిరపడ్డ ఒక పాత సహోద్యోగి ఇంటికి చూడ్డానికని వెళ్లి, ఆ ఇంటి వరండాలో పదకొండు జతల చెప్పులు లెక్కపెట్టుకుని వచ్చేశారు బావగారు. షీటులో ఆ వరస ఎర్రరంగు పులుముకుంది.

తర్వాత మైసూరు. ‘పింఛనుదారుల స్వర్గమోయ్’ అన్నారు ఫోనులో. అలా పిలిపించుకున్న ఊరు ఇంకొకటి ఉంది, గుర్తుందా? బెంగళూరు. ఒకప్పుడు పింఛను పుచ్చుకున్నవాళ్లు తోటా పెంకుటిల్లూ కట్టుకుని, మధ్యాహ్నం పూట కూడా శాలువా కప్పుకుని కూర్చునేవారు అక్కడ. ఇప్పుడా స్వర్గంలో రోడ్డు దాటడానికి వీలునామా రాసి బయల్దేరాలి. అయినా 2021 మార్చిలో కేంద్రం ప్రకటించిన సులభ జీవన సూచీలో, పదిలక్షల జనాభా దాటిన నగరాల్లో మొదటి స్థానం బెంగళూరుదే. ఆ సూచీ కట్టినవాళ్లు ట్రాఫిక్‌కి పేరుమోసిన సిల్క్ బోర్డు కూడలి మీదుగా వచ్చి ఉండరు. మైసూరు కథా అటే నడుస్తోంది. 2023 మార్చిలో బెంగళూరు నుంచి ఎక్స్‌ప్రెస్ హైవే తెరిచారు, మూడు గంటల దారి గంటన్నర అయింది. దారి తగ్గితే స్థలాల ధర పెరుగుతుందని బ్యాంకులో ఇళ్ల అప్పులిచ్చిన మనిషికి నేను చెప్పాలా? ఒక ఊరు చవకని అచ్చులో పడిందంటే ఆ మాట మొదట చదివేది రియల్ ఎస్టేటువాడు. పింఛనుదారు కళ్లజోడు వెతుక్కునేలోపల వాడు లేఅవుటు వేసేస్తాడు.

కోయంబత్తూరు కూడా చూసొచ్చారు. వృద్ధుల కోసం కట్టిన కాలనీలకు పేరున్న ఊరు. తెలుగు మాట్లాడేవాళ్లకీ కొదవలేదు, సిరువాణి నీళ్లు తియ్యన. అంతా బాగుంది గానీ మనవాళ్లు అక్కడ లేరు. పెళ్లికీ చావుకీ ఇటు రావాల్సిందే. రైల్లో అరవై దాటిన మగవాళ్లకి నలభై శాతం, యాభై ఎనిమిది దాటిన ఆడవాళ్లకి యాభై శాతం తగ్గింపు ఉండేది. కరోనా పేరు చెప్పి 2020 మార్చిలో ఆపారు. కరోనా వెళ్లిపోయింది, తగ్గింపు తిరిగి రాలేదు. షీటులో రైలు గడి లేదు.

చివరికి మా కాకినాడ వంతు వచ్చింది. మా ఊరికీ పింఛనుదారుల స్వర్గమనే పేరుంది లెండి, ఆ బిరుదు ఎవరడిగినా ఇచ్చేస్తారు కాబోలు. పరిశీలనకి స్వయంగా వచ్చారు. మా ఇంట్లో పదిరోజులున్నారు. పొద్దున్న పెసరట్టు, మధ్యాహ్నం పులస దొరక్కపోతే పండుగప్ప, సాయంత్రం నా స్కూటరు. వెళ్లే ముందురోజు రాత్రి షీటు పూర్తిచేసి గర్వంగా చూపించారు. ‘కాకినాడ. పదిరోజులు. ఖర్చు 640 రూపాయలు. ఆటోలు, కాజాలు.’

తొమ్మిది ఊళ్లలో మాదే ప్రథమ స్థానం.

నా భార్య ఆ షీటు చూసి వంటింట్లోకి వెళ్లిపోయింది. గిన్నెల చప్పుడు మామూలు కంటే కాస్త ఎక్కువగా వినిపించింది. నాకు మాత్రం ఈ చవక నగరాల శాస్త్రమంతా ఆ 640 దగ్గర అర్థమైంది. ఏ ఊరైనా మనకి చవగ్గా పడుతోందంటే, మిగతాది ఇంకెవరో కడుతున్నారన్నమాట.

షీటుని మొదటిసారి సరిగ్గా చదివింది మా అక్క. భోజనం గడిలో ‘ఇద్దరికి నెలకు 6,500’ అని ఉంటే, వేలు పెట్టి అడిగింది. “ఇది వండినదా, వండనిదా?”

బావగారు తల పైకెత్తలేదు. “సరుకులే.”

“అయితే మీ రిటైర్మెంటు ఊరు చూస్తున్నారు. నాది ఎప్పుడో చూడండి.”

ముప్పై అయిదేళ్ల బ్యాంకు సర్వీసులో ఆడిటరు కూడా అడగని ప్రశ్న అది. తొమ్మిది నగరాల్లో ఏ నగరానికి మారినా ఆవిడకి మారేది కిటికీలోంచి కనిపించే గోడే. ఇక వృద్ధుల కాలనీల ప్రకటనల్లో తెల్లజుట్టు దంపతులు పచ్చగడ్డి మీద విరగబడి నవ్వుతుంటారు. ఆ నవ్వుకి నెలనెలా ఎంత నిర్వహణ రుసుమో అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఉంటుంది. అది చదవడానికి శుక్లాల ఆపరేషను ముందు చేయించుకోవాలి.

ఇంతకీ అసలు తప్పు షీటు అడుగున ఉంది. ఆదాయం గడి. సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో గరిష్ఠంగా వెయ్యగలిగేది 30 లక్షలు. 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి 61,500, అంటే నెలకు 20,500. అయిదేళ్లపాటు ఆ 20,500 కదలదు. బియ్యం కదులుతుంది, బీపీ మాత్ర కదులుతుంది. బ్యాంకు పింఛనులో కరువుభత్యం పెరుగుతుంది గానీ అసలు మొత్తం రిటైరైన రోజు దగ్గరే నిలబడి ఉంటుంది. సవరించమని ఆ విశ్రాంత ఉద్యోగులు ఏళ్లుగా అడుగుతున్నారు. బావగారు అదృష్టవంతులే. ప్రైవేటు కంపెనీల్లో అరిగిపోయి బయటికొచ్చినవాళ్లకి ఉద్యోగుల పింఛను పథకం (ఈపీఎస్) కింద కనీస పింఛను 2014 సెప్టెంబరులో నెలకు వెయ్యి రూపాయలు చేశారు. అప్పటినుంచి అది వెయ్యే. వాళ్ల కోసం చవకైన నగరాల జాబితా వెయ్యమనండి, చూద్దాం.

మన పెద్దవాళ్ల జాబితాలో ఒకే ఊరుండేది: కాశీ. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అనేవారు కాబట్టి అద్దె ఎంతని ఎవరూ అడగలేదు. అక్కడ ముక్తి భవనంలో ఇప్పటికీ గది రెండు వారాలకే ఇస్తారు, ఆ లోపల పోయేవాళ్లకి మాత్రమే. ఆ లెక్కలో నిజాయతీ ఉంది. ఇప్పటి జాబితాలు ఆ ధైర్యం చెయ్యవు. ఇవాళ్టి ధరలు చూపించి ఇరవై ఏళ్లు హాయిగా ఉండమంటాయి. ఆ ధరలతో హాయిగా ఉండాలంటే ఏడాదిలో వెళ్లిపోవాలి.

‘పనిమనిషి’ గడి సంగతి చెప్పలేదు. హైదరాబాద్ వరసలో నాలుగువేలు, కాకినాడ వరసలో పదిహేనువందలు, పక్కన ఆకుపచ్చ టిక్కు. ఈ జాబితాలన్నిటికీ ఈ టిక్కంటే మహా ఇష్టం. ‘ఇంటిపనికి మనుషులు చవగ్గా దొరుకుతారు’ అని ఊరి సుగుణాల్లో గాలి, నీరు తర్వాత దీన్నే రాస్తారు. ఒక మనిషికి ఆ ఊళ్లో గతిలేకపోవడం ఇంకో మనిషికి ప్రశాంత వృద్ధాప్యం అన్నమాట. బావగారు టిక్కు పెట్టిన ఆవిడ మా ఇంట్లో పనిచేసే ఆవిడే. బావగారి కంటే రెండేళ్లు పెద్ద. ప్రతి నెలా ఒకటో తారీఖున వార్డు సచివాలయం వాళ్లు ఇంటికొచ్చి వృద్ధాప్య పింఛను నాలుగువేలు చేతిలో పెడతారు. ఆ డబ్బు కొడుకు ఆటో వాయిదాకి పోతుంది. ఆవిడ మాత్రం మూడిళ్లలో గిన్నెలు తోముతుంది.

పోయిన జూన్‌లో బావగారు ఊరు తేల్చేశారు. తొమ్మిదిట్లోనూ లేని ఊరు: డాలస్. మా మేనకోడలికి పురుడు. అక్కడ పిల్లని డేకేర్‌లో వేస్తే నెలకు వెయ్యి డాలర్లు దాటుతుందట. షీటులో పదో వరస చేర్చి నాకు వాట్సాప్‌లో పంపించారు. అద్దె సున్నా, బియ్యం సున్నా, పాలు సున్నా, కరెంటు సున్నా. పనిమనిషి గడి ఖాళీగా వదిలేశారు. అదేరోజు రాత్రి అక్క ఫోను చేసింది. “ఇక్కడ పొయ్యికి అయిదు బర్నర్లు రా తమ్ముడూ. అయిదూ వెలుగుతూనే ఉంటాయి.” సందర్శక వీసా మీద ఉండగలిగేది ఆరునెలలు. నవంబరు వస్తోంది, బతికున్నట్టు జీవన ప్రమాణ పత్రం ఇవ్వాలి కదా అంటే, బావగారికి అది ఆన్‌లైన్లో అయిపోతుందట. అక్కకి ఆ పత్రం ఎవరూ అడగరు. పింఛను లేదుగా.

నాకు ఇంకా రెండేళ్ల సర్వీసుంది. ఆంధ్రలో ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయసు 2022లో అరవై రెండుకి పెంచారు, ఆ పుణ్యం. రిటైరయ్యాక ఎక్కడికీ పోను, కాకినాడే. చవకైన ఊరని మా బావగారు లెక్కగట్టి మరీ చెప్పారు. మా ఇంట్లో పనిచేసే ఆవిడ మొన్న ఉగాదికి జీతం మూడువందలు పెంచమని అడిగింది. చూద్దామన్నాను. ఇంకా పెంచలేదు.