నూట పదహార్లు

రాత్రి కంప్యూటరు కట్టేద్దామని ఫైర్‌ఫాక్స్ మూయబోతే, 116 ట్యాబులు మూసేయమంటావా అని అడిగింది. అచ్చం చదివింపుల అంకె! శుభసూచకమనుకుని వద్దని నొక్కి, ల్యాప్‌టాప్ మూత వేసి పడుకున్నాను.

నెట్ సెంటర్ల రోజుల్లో నాకు ఈ జబ్బు లేదు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరులో ట్యాబులు వచ్చిందే 2006లో. అంతకుముందు పేజీకో కిటికీ. పైగా గంటకింతని డబ్బులు కడుతూ, తర్వాత చదువుదామని ఎవడు తెరిచి పెట్టుకుంటాడు? ఇప్పుడు అద్దె అడిగేవాళ్ళు లేరు. దాంతో అటక మీది ఇత్తడి గంగాళాల్లా ఒక్కొక్కటే పైకెక్కాయి: మోకాళ్ళ నొప్పులకు ఆసనాలు, తిరుపతి రైళ్ళ వేళలు (వెళ్ళొచ్చి ఎనిమిది నెలలైంది), సగం నింపిన బీమా ఫారం, ఒంటెల మీద ఓ పెద్ద వ్యాసం. ఒంటెలతో నాకేం పనో గుర్తులేదు. మూసేద్దామంటే మాత్రం చెయ్యి రాదు. ఏ కారణమూ లేకుండా తెరుస్తానా?

ఫోనులో క్రోమ్‌కి మర్యాద తెలుసు. 99 దాకా లెక్కపెడుతుంది. ఆ పైన అంకె తీసేసి, రెండు చుక్కలూ ఓ 'డి' అక్షరమూ పెట్టి పళ్ళికిలిస్తుంది.

మర్నాడు పొద్దున్నే ల్యాప్‌టాప్ తెరిచానో లేదో, ఏ ట్యాబులోంచో బోరు మోటార్ల ప్రకటన అందుకుంది. "ఏమండీ, ఆ గోలేంటి?" అని వంటింట్లోంచి కేక. ట్యాబుల వరసను ఆ చివర నుంచి ఈ చివరకు జరుపుతూనే ఉన్నాను, మోటారు ఆగదు. సెలవులకొచ్చిన మేనకోడలు "జరుగు మావయ్యా" అని మూలనున్న చిన్న బాణం నొక్కింది. మొత్తం జాబితా రేషన్ కార్డుల పట్టికలా కిందికి దిగింది. అందులో ఒకదాని పక్కన బుల్లి స్పీకరు గుర్తు. గోంగూర పచ్చడి పేజీ!

అంతటితో ఊరుకోలేదు. పైన అడ్రసు పట్టీలో శాతం గుర్తు కొట్టి, కాస్త ఎడమిచ్చి, గోంగూర అని టైపు చేసింది. తెరిచి ఉన్న ట్యాబుల్లోనే వెతుకుతుందట. నాలుగొచ్చాయి.

"ఒకే పచ్చడి నాలుగుసార్లా?"

"ముందు మూడూ కనబడలేదే. మీ అత్తయ్యతో అనకు, తన పచ్చడికి వంక పెట్టాననుకుంటుంది."

టపటపా కొన్ని మూసేసి, "పదహారు తీసేశాను మావయ్యా, వంద మిగిలాయి" అని గర్వంగా చెప్పి టిఫినుకి వెళ్ళింది.

వంద! ఉత్త వంద ఎవరైనా చదివిస్తారా? కంట్రోలు, షిఫ్టు, 'టి' కలిపి నొక్కితే ఆఖరున మూసిన ట్యాబు వెనక్కొస్తుందని నాకూ తెలుసు. పదహారుసార్లు నొక్కాను. తొమ్మిదోసారికి ఒంటె వచ్చింది.