“అక్కా, కొంగు!” : సటీకా తాత్పర్యం

మూలం:
“అక్కా, కొంగు!”

అవతారిక. ఈ సూత్రం కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గర, మంచిర్యాల ఐబీ చౌరస్తాలో, నిర్మల్ నుంచి ఉట్నూరు పోయే తోవలో ప్రతిరోజూ వినబడుతుంది. కర్త అజ్ఞాతుడు. సందర్భం మాత్రం ఎప్పుడూ ఒక్కటే. ముందు అన్న బండి నడుపుతుంటాడు. వెనక అక్క ఒకపక్కకు కూర్చుని, ఒళ్లో సంచి, సంచి మీద పిల్లవాడు, పిల్లవాడి చేతిలో బిస్కెట్ పుడతో పోతుంటుంది. కొంగు జారి వెనక చక్రం మీద గాలికి కొట్టుకుంటుంటుంది. అప్పుడు ముక్కూ మొహం తెలియని ఇంకో బండాయన పక్కకు వచ్చి, హారన్ కొట్టి, ఈ రెండు మాటలూ అరిచి, మెప్పు కోసం ఆగకుండా పోతాడు.

ఈ నేలకు పొదుపైన మాట కొత్త కాదు. గంగాధర మండలం కురిక్యాల దగ్గరి బొమ్మలగుట్ట మీద పదో శతాబ్దంలో పంప మహాకవి తమ్ముడు జినవల్లభుడు వేయించిన శాసనం ఉంది. అందులోని మూడు తెలుగు కందాలే మనకు దొరికిన తొలి కందపద్యాలని పండితుల మాట. ఇక వ్యాఖ్యానానికి దగ్గరి పుట్టిల్లు మెదక్ జిల్లా కొల్చారం, అంటే కోలాచల మల్లినాథసూరి ఊరు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. ప్రస్తుత టీకాకారుడు ఆ ఒట్టులో మొదటి సగానికే కట్టుబడి ఉంటాడని పాఠకులు గ్రహించగలరు.

ప్రతిపదార్థం. అక్కా = ఓ అపరిచితురాలా! కాలేజీకి పోయే పిల్లయినా, బీడీల గంప పట్టుకున్న అవ్వయినా ఆ క్షణానికి అక్కే. వరస తేల్చుకునే వ్యవధి చక్రం ఇవ్వదు. కొంగు = చీర చెరగు. లక్షణార్థంలో చున్నీ, స్కార్ఫు, బుర్ఖా అంచు, చలికాలపు శాలువా కూడా. పెళ్లికి పోయే పెద్దమనుషుల కండువాను సైతం ఇందులోనే చేర్చుకోవాలి. ! = హారన్. ‘చూసుకో’ అనే క్రియ అధ్యాహార్యం.

పాఠాంతరాలు. జగిత్యాల వైపు “అక్కా, కొంగు సూస్కో” అని పూర్తి వాక్యం. పాతబజార్లలో “బాజీ, దుపట్టా!” అర్థభేదం లేదు.

తాత్పర్యం. ఓ సోదరీ, నీ వస్త్రపు కొస తిరిగే ఇనుములో చిక్కబోతున్నది గాన దానిని వెనక్కు తీసుకొనుము అని భావం.

ఇంతవరకు మూలం. ఇక విశేషాలు.

స్ప్లెండర్ లాంటి బండికి వెనక రిమ్ము 18 అంగుళాలది. టైరు చుట్టుకొలత రెండు మీటర్లకు కొంచెం తక్కువ. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో, అంటే ఎవరూ స్పీడు అనుకోని వేగంలో, ఆ చక్రం సెకనుకు ఆరుసార్ల దాకా తిరుగుతుంది. కొంగు స్పోకుల మధ్య దూరి హబ్బుకు చుట్టుకున్నదంటే ఒక్క సెకనులో రెండు మీటర్లకు పైగా గుడ్డ లోపలికి పోతుంది. చీర మొత్తం పొడవే ఐదున్నర మీటర్లు. అన్న బ్రేకు మీద కాలు వేయాలని అనుకునే లోపు పని అయిపోతుంది. ఎడ్లబండి కాలంలో కూడా కొంగు చక్రానికి తగిలేది. అయితే “ఆగు, ఆగు” అంటే ఎడ్లు ఆగేవి.

ఈ ప్రమాదానికి లోకంలో ఒక పెద్ద ఉదాహరణ ఉంది. 1927 సెప్టెంబరు 14న ఫ్రాన్సులోని నీస్ నగరంలో నాట్యకారిణి ఇసడోరా డంకన్ మెడలోని పొడవాటి పట్టు స్కార్ఫు ఆమె ఎక్కిన కారు వెనక చక్రపు పుల్లల్లో చిక్కుకుంది. ఆమె బతకలేదు. చక్రంలో గుడ్డ చిక్కి మెడకు బిగుసుకునే గాయాలకు వైద్యులు ఆమె పేరే పెట్టుకున్నారు. ఆ రోజు నీస్‌లో “అక్కా” అని అరిచేవాడు పక్కన లేడు.

శంక: గుడ్డ, గాలి, ఇనుము కలిసిన చోట చిక్కు తప్పదు గదా, దీని మీద ఇదివరకే ఆలోచించినవారు ఎవరైనా ఉన్నారా? సమాధానం: ఉన్నారు, ఓడలవాళ్లు. తెరచాప కూడా గాలి నింపుకున్న కొంగే. దాని చుట్టూ ఇనుప తీగలు, కొక్కేలు, పిన్నులు. కాబట్టి ఇక్కడ నావిక మతాన్ని కొంత వివరించాలి.

పాతకాలపు నావికులు అరిగిన తాళ్లను పీచులుగా విడదీసి, కుచ్చులుగా అల్లి, తెరచాప కొయ్యను నిలబెట్టే తీగలకు చుట్టేవారు. తెరచాప వచ్చి తగిలినా మెత్తగా రాసుకుని పోయేది. దాని పేరు బ్యాగీరింకిల్. చూడటానికి తీగ మీద ఎలుగుబంటి పిల్ల ఎక్కినట్టుంటుంది. ఇప్పటివాళ్లు పీవీసీ పైపును తీగ మీదికి తొడిగి వదులుగా వదిలేస్తారు. గుడ్డ తగలగానే పైపు తిరిగి దాన్ని పక్కకు దాటిస్తుంది. కొయ్యకు అడ్డంగా ఉండే కమ్మీల కొసలకు టెన్నిస్ బంతిని కోసి తొడుగుతారు. పిన్నుల కొసలు లోపలికి మడిచి టేపు చుడతారు. ఈ మతంలో సారం ఒకటే, గుడ్డకు బుద్ధి చెప్పరు, ఇనుముకు చెప్తారు.

హుస్సేన్‌సాగర్‌లో ఏటా హైదరాబాద్ సెయిలింగ్ వీక్‌లో పరుగెత్తే లేజర్ పడవలైతే ఇంకో మెట్టు ఎక్కాయి. బ్రూస్ కిర్బీ గీసిన ఆ చిన్న పడవకు కొయ్యను పట్టుకునే తీగలే లేవు. తెరచాపను దిండుకు గలేబు తొడిగినట్టు కొయ్యకు తొడుగుతారు, చిక్కడానికి తీగ ఉంటే గదా! అయినా ఒక చిక్కు మిగిలింది. పడవ మలుపు తిరిగేటప్పుడు తాడు వెనక మూలకు తగులుకుంటుంది. నేర్చుకునే పిల్లలు నీళ్లలో పడేది ఎక్కువగా అక్కడే.

(ప్రాసంగికం. ఉత్తర తెలంగాణకు తెరచాపలు రావలసినవే, రాలేదు. ఆర్థర్ కాటన్ కాలంలో గోదావరి వెంట బేరారు పత్తిని పడవల్లో సముద్రానికి దింపాలని పెద్ద పథకం వేశారు. అడ్డం వచ్చిన మూడు రాతి వరసల్లో ఒకటి దుమ్ముగూడెం, రెండోది ఉమ్మడి కరీంనగర్ వైపు ఇంచంపల్లి, మూడోది ప్రాణహిత మీద. 1871లో పనులు ఆగిపోయాయి. పత్తి రైలెక్కింది. గోదావరి కాళేశ్వరం దగ్గర నావికశాస్త్రం లేకుండానే పారుతున్నది.)

తెరచాప రాకపోయినా తెరచాప గుడ్డ మాత్రం వచ్చింది. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు రసాయనికులు పాలిస్టర్ పోగును కనిపెట్టారు. అమెరికాలో డాక్రాన్ పేరుతో అది తెరచాపల్లోంచి నూలును తరిమేసింది. ఆ పోగే సిరిసిల్ల మరమగ్గాల మీద చీరయింది. 2017 నుంచి 2023 దాకా బతుకమ్మ పండుగకు సర్కారు పంచిన చీరల్లో ఎక్కువ భాగం అక్కడ నేసినవే. ఉతకడం సులువు, ఆరడం సులువు, ఏళ్లకేళ్లు చిరగదు. టీకాకారుడి దిగులంతా ఆ చివరి గుణంతోనే. పాత నూలు చీర చక్రంలో పడితే పర్రున చినిగి మనిషిని వదిలేసే అవకాశం ఎంతో కొంత ఉండేది. పాలిస్టర్ అంత తేలిగ్గా వదలదు, మనిషిని కూడా తీసుకుపోతుంది. తుపానుకు తట్టుకునే గుడ్డ కట్టుకుని మనం బండెక్కుతున్నాం.

ధర్మశాస్త్రం. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం ఉంది. వెనక మనిషి కూర్చునే బండికి చేతిపట్టు, కాలు పెట్టుకునే మెట్టు, వెనక చక్రంలో సగానికి తగ్గకుండా కప్పే రక్షణ ఉండాలి, కూర్చున్నవారి బట్టలు చక్రంలో చిక్కకూడదు అని దాని సారాంశం. షోరూములో “శారీ గార్డు” పేరిట ఎడమపక్క బిగించే కమ్మీల చట్రం దీని సంతానమే. బండి ఇంటికి వచ్చిన వారంలోనే మన పోరగాళ్లు పానా తీసి విప్పేసేది కూడా దీన్నే. లుక్కు పోతుందట.

ఇప్పుడు అసలు గ్రంథి. అక్క ఎడమకు తిరిగి కూర్చుంటుంది. కాళ్లు, కుచ్చిళ్లు ఎడమన ఉంటాయి. గార్డూ ఎడమనే ఉంది, బాగుంది. మరి కొంగు? పైట ఎడమ భుజం మీదుగా వీపు వెనక్కి పోతుంది. ఎడమకు తిరిగి కూర్చున్న మనిషి వీపు బండికి కుడిపక్క. ఎడమ భుజం వెనక చక్రం వైపు. అంటే చేత్తో పట్టుకోకపోతే కొంగు జారేది కుడిపక్కన, సరిగ్గా చక్రం మీద, సైలెన్సరూ బ్రేకు రాడూ ఉన్న వైపు. అక్కడ గార్డు లేదు. చట్రం గీసినవారు కుచ్చిళ్లను చూశారు, కొంగును చూడలేదు. రోడ్డు మీద ఆ సూత్రం ఇంకా బతికి ఉండటానికి కారణం అక్క పరధ్యానం కాదు, ఈ ఖాళీ.

ఖాళీని పూరించేది వెల్డింగ్ షాపు. అక్కడి శిల్పం కొంచెం దగ్గరినుంచి చూడదగ్గది. ఎనిమిది ఎం.ఎం. చువ్వను పైపుకు ఆనించి వంచుతారు, ఎందుకంటే మూల వస్తే మూలే కొక్కెం అవుతుంది. రెండు కొసలకు పట్టీముక్కలు అతికి, షాకబ్జర్ కింది బోల్టుకూ వెనక ఇరుసు వైపూ బిగిస్తారు. పనితనం తెలిసినవాడు చట్రాన్ని చక్రంతోపాటు లేచిపడే భాగానికే కడతాడు. తెలియనివాడు బాడీకి కడితే మొదటి గుంతలోనే చక్రం లేచి చట్రాన్ని గీరుతుంది. మధ్యలో జాలి వేస్తారు. కన్నం రెండు వేళ్లు పట్టేంత ఉంటే లాభం లేదు, మడతపడిన కొంగు అందులోంచి దూరుతుంది. చేత్తో గట్టిగా నొక్కి చూడాలి, స్పోకులకు తగిలిందా, ఇంకో చువ్వ అతకాలి. చివర గ్రైండరుతో అతుకుల ముళ్లు పోగొట్టి, పాత సైకిలు ట్యూబును సబ్బునీళ్లతో జార్చి పైన తొడిగితే నావిక మతం కరీంనగర్ చేరినట్టే.

పూర్వపక్షం ఒకటి ఉంది: ఇంత ఖర్చెందుకు, బైండింగ్ వైరుతో ప్లాస్టిక్ జాలి కట్టేస్తే సరిపోదా? సరిపోదు. కట్టిన వైరు కొస బయటికి పొడుచుకుని నిలబడుతుంది. ఓడలవాళ్లు తెగిన తీగ పోగులకు మాంసం కొక్కేలని పేరు పెట్టారు. చిక్కును ఆపడానికి కట్టినదే మొదటి చిక్కు కావడం ఈ శాస్త్రంలో అత్యంత సాధారణమైన అపచారం. లేడీస్ సైకిలు వెనక చక్రానికి అల్లిన దారపు వల దీనికంటే ఎన్నో రెట్లు మేలు. హాలండులో సైకిళ్లకు ఇప్పటికీ కోటు చిక్కకుండా గుడ్డ తొడుగులు వేస్తారు, వాటిలోనూ వైరు కొస కనబడదు.

మరో పూర్వపక్షం: కొంగు నడుముకు చెక్కుకుంటే పోలేదా? ఆదిలాబాద్ చేలల్లో పత్తి ఏరే ఆడవాళ్లు చేసేది అదే. పాతతరం గోచి కట్టు చీరలో వేలాడే కొసే తక్కువ. పైసా ఖర్చు లేని ఉపాయం, ఒప్పుకోవలసిందే. కానీ అది గుర్తున్నంతసేపే పనిచేస్తుంది. ఒళ్లో పిల్లవాడు బిస్కెట్ పుడ కింద పడేశాడంటే గుర్తు పోతుంది. చువ్వకు మరపు లేదు.

ఇంకొక ఆక్షేపణ మిగిలింది. సూత్రం అక్కను పిలుస్తుంది గానీ అన్నను ఎందుకు పిలవదు? బండి అతనిది, గార్డు విప్పింది అతను, వెల్డింగ్ షాపు తెలిసినవాడూ అతనే. అద్దాలు కూడా విప్పి ఇంట్లో పెట్టాడు గనక వెనక ఏం జరుగుతుందో అతనికి కనబడదనే సమాధానం ఒక సంప్రదాయంలో ఉంది. టీకాకారుడికి అది నచ్చలేదు. ఆక్షేపణను అలాగే నిలబెడుతున్నాడు.

అన్నకంటూ వేరే సూత్రం లేకపోలేదు: “అన్నా, స్టాండు!” ఇదీ అజ్ఞాతకర్తృకమే, ఇదీ రెండు పదాలదే. దానికి మాత్రం వ్యాఖ్య రాయనక్కర్లేదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 ప్రమాణం వచ్చిన తరువాతి బళ్లలో చాలావాటికి సైడ్ స్టాండు వేసి ఉంటే ఇంజను బండిని ముందుకు కదలనివ్వదు. బండ్ల కంపెనీలు చిన్న స్విచ్చు పెట్టి అన్న సూత్రాన్ని పాతబళ్ల పాలు చేస్తున్నాయి. కుడిపక్క గార్డుకు అలాంటి స్విచ్చు కూడా అక్కర్లేదు, మూడు చువ్వలూ కొంచెం జాలీ ఒక సైకిలు ట్యూబూ చాలు.