డబ్బాలో పడ్డ పిల్లోడు

మన రాష్ట్రంలో బడి మానేసిన పిల్లోడంటూ ఎవడూ లేడు. ఉన్నదల్లా డబ్బాలో ఉన్న పిల్లోడు. దేశంలోని బడిపిల్లల లెక్కలన్నీ ఎక్కే యూడైస్ ప్లస్ అనే కేంద్ర పోర్టల్‌లో ‘డ్రాప్ బాక్స్’ అని ఒక చోటుంది. ఒక బడి రిజిస్టరులోంచి పేరు దిగి, ఇంకో బడి రిజిస్టరులోకి ఎక్కనంతకాలం పిల్లోడు అందులో ఉంటాడు. ఓట్ల పెట్టెలో పడ్డ ఓటుకైనా లెక్కింపు రోజంటూ ఒకటుంటుంది. ఈ పెట్టెకు అదీ లేదు. ‘మా పిల్లలు ముగ్గురు డ్రాప్ బాక్స్‌లో ఉన్నారు సార్’ అని హెడ్మాస్టరు పై అధికారికి చెబితే ఆ మాటలో బాధ ఉండదు, తప్పు ఉండదు, చివరికి పిల్లోడు కూడా ఉండడు. రాయచోటి చుట్టూ గాలివీడు, లక్కిరెడ్డిపల్లె, సంబేపల్లె, చిన్నమండెం మండలాల్లో ఆ పిల్లోడు గొర్రెల వెంట పోతున్నాడో, బేల్దారి మేస్త్రీ దగ్గర సిమెంటు కలుపుతున్నాడో, టమోటా బుట్టలు మోస్తున్నాడో, వీసా వయసు ఎప్పుడొస్తుందా అని రోజులు లెక్కపెట్టుకుంటున్నాడో డబ్బా మూత తీసి చూసినా తెలియదు.

అట్లని ప్రభుత్వాలు చేతులు ముడుచుకుని కూర్చున్నాయనలేం. 2020 జనవరి 9న చిత్తూరులో అమ్మ ఒడి మొదలైంది. పిల్లల్ని బడికి పంపే తల్లికి ఏడాదికి 15,000 రూపాయలు. కొన్నాళ్లకు అందులోంచి బడి మరుగుదొడ్ల నిర్వహణకని వెయ్యి, తర్వాత రెండు వేలు పట్టుకున్నారు. 2024లో ప్రభుత్వం మారింది. 2025 జూన్‌లో ఆ సొమ్మే తల్లికి వందనం పేరుతో వచ్చింది. ఇంట్లో ఒక్కరికే కాక చదివే ప్రతి బిడ్డకూ ఇచ్చారు, అది మెచ్చుకోవాల్సిన మార్పే. పేరు మారింది, ఫొటో మారింది, రంగు మారింది. రెండు వేల కోత మాత్రం పార్టీలకు అతీతంగా నిలబడింది. విద్యా కానుక రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర అయింది, గోరుముద్ద డొక్కా సీతమ్మ బడి భోజనం అయింది, నాడు-నేడు మన బడి మన భవిష్యత్తు అయింది. పథకాల్లో డ్రాపౌట్లుండవు. అవి టీసీ అక్కర్లేకుండానే పేరు మార్చుకుని ఐదేళ్లకోసారి పై తరగతికి పోతాయి. ఈ డబ్బు దండగ అనడం నా వాదన కాదు. నోటుపుస్తకానికి, చెప్పులకు, ఆటో కిరాయికి చేతిలో రూపాయి లేని తల్లికి అది నిజంగానే వరం. కానీ 75 శాతం హాజరుంటేనే ఇస్తామన్న డబ్బు కొనేది హాజరును. ‘నేను ఈ బడిలో ఎందుకుండాలి?’ అని పదిహేనేళ్ల పిల్లోడు అడిగే ప్రశ్నకు జవాబు ఆ డబ్బుతో రాదు. ఆ జవాబు తల్లి బ్యాంకు ఖాతాలో పడేది కాదు, బడిలో దొరకాల్సింది.

వాడు ఆ ప్రశ్న అడిగే వయసు కూడా చూడండి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 6 ఏళ్ల నుంచి 14 ఏళ్ల దాకా పిల్లోడి చేయి పట్టుకుంటుంది. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం 14 నిండినవాణ్ణి ప్రమాదం లేని పనుల్లో పెట్టుకోవచ్చంటుంది. ఒక చట్టం చేయి వదిలిన రోజే ఇంకో చట్టం పనికి తలుపు తీస్తుంది. మన శాఖల మధ్య ఇంతటి సమన్వయం ఇంకెక్కడా కనపడదు. ఆ తలుపు దాటకుండా ఆగినవాడికి పదో తరగతి ఎదురవుతుంది. కరోనా వల్ల 2020లో, 2021లో పరీక్ష లేకుండానే అందరినీ పాస్ చేశారు. 2022లో పరీక్ష పెట్టగానే గట్టెక్కింది 67.26 శాతమే. ఆరు లక్షల పైచిలుకు రాస్తే రెండు లక్షల మంది వెనక మిగిలిపోయారు. 2024లో ఉత్తీర్ణత 86.69కి ఎక్కింది, 2025లో 81.14కు దిగింది. అంకె ఎక్కితే మంత్రి ఫొటో, దిగితే హెడ్మాస్టరుకు నోటీసు. ఫెయిలైన పిల్లోడికి సప్లిమెంటరీ ఉంది, కాదనను. కానీ ఫలితాలొచ్చిన మర్నాడు వాడింటికి పోయి, ‘లెక్కల్లోనే కదా పోయింది, రా, వచ్చే పరీక్షదాకా కలిసి కూర్చుందాం’ అనే పని ఎవరి ఉద్యోగ విధుల్లోనూ లేదు. మరుగుదొడ్డి ఫొటో తీసి యాప్‌లో ఎక్కించే పని మాత్రం కొన్నేళ్లపాటు మన పంతుళ్ల విధుల్లో ఉండింది. పిల్లోడు పోయినా పింగాణీ మిగిలింది.

సరే, పుస్తకాల చదువు ఎక్కని పిల్లలకు చేతిపని నేర్పితే నిలబడతారు కదా అంటారు. ఈ ఆలోచన మన దేశంలో ఎన్నిసార్లు పుట్టిందో లెక్కపెడితే ముచ్చటేస్తుంది. 1937లో గాంధీజీ వార్ధాలో నయీ తాలీమ్ అన్నారు. 1966లో కొఠారీ కమిషన్ పని అనుభవం కావాలంది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ సమాజానికి పనికొచ్చే ఉత్పాదక పని అని ఇంకాస్త పొడుగు పేరు పెట్టింది. చాలా బడుల్లో అది సుద్దముక్కలు, కొవ్వొత్తుల దగ్గరే ఆగింది. 1986 జాతీయ విద్యా విధానం పదో తరగతి తర్వాత చదివేవాళ్లలో 1990కి 10 శాతం, 1995కి 25 శాతం వృత్తివిద్యలో ఉండాలంది. 2020 నాటి విధానం 2025కల్లా సగం మందికి వృత్తివిద్య పరిచయం కావాలంది. పది అందలేదు కాబట్టి పాతిక, పాతిక అందలేదు కాబట్టి యాభై. ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కిందన్న సామెత ఢిల్లీలో సామెతగా లేదు, ప్రణాళికగా ఉంది. పంతొమ్మిది నుంచి ఇరవై నాలుగేళ్ల పనివాళ్లలో పద్ధతిగా వృత్తివిద్య అందినవారు మన దేశంలో 5 శాతం కూడా లేరని, అమెరికాలో 52, జర్మనీలో 75, దక్షిణ కొరియాలో 96 శాతం ఉన్నారని ఆ 2020 పత్రమే ఒప్పుకుంటుంది. 1995 లాగే 2025 కూడా వచ్చి వెళ్లిపోయింది.

ఈ ఊరేగింపంతా రాయచోటికి ఎందుకు చేరలేదో తెలియాలంటే రాయచోటి పిల్లోడి కళ్లతో చూడాలి. రాయచోటి, రాజంపేట, రైల్వే కోడూరు దిక్కున కువైట్ అనేది పరాయి దేశం కాదు, పక్క వీధి. వానల్లేక శెనక్కాయ ఎండిన ఏళ్లలో ఇల్లు నిలబెట్టింది అక్కడి దినారే. పిల్లోడు రోజూ చూసేది రెండు బొమ్మలు. ఒకటి, బీటెక్ చదివి ఇంటి అరుగు మీద కూర్చున్న అన్న. రెండు, తొమ్మిదిలో బడి మానేసి, ఇరవై నంబరు వీసా మీద అరబ్బు ఇంట్లో డ్రైవరుగా చేరి, రెండంతస్తుల మిద్దె లేపిన చిన్నాయన. ‘చదివినా కువైటే, చదవకున్నా కువైటే’ అని వాడు తేల్చుకున్నాడంటే వాడికి లెక్కలు రావని కాదు, ఇచ్చిన అంకెలతో సరిగ్గానే చేశాడని. తప్పు అంకెల్లో ఉంది. చిన్నాయన మిద్దె కనపడుతుంది గానీ ఆయన పాస్‌పోర్టు కనపడదు. 1983 నాటి వలసల చట్టం అమలయ్యే తీరు ప్రకారం, పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు ‘ఈసీఆర్’ కిందికి, అంటే వలస తనిఖీ తప్పనిసరి అన్న వర్గంలోకి పోతుంది. కువైట్‌తో కలిపి పద్దెనిమిది దేశాలకు పనికి పోవాలంటే వాళ్లు వలసల సంరక్షణాధికారి అనుమతి తెచ్చుకోవాలి. ఆ వర్గంలోని ఆడమనిషికైతే ముప్పై ఏళ్లు నిండేదాకా ఆ అనుమతే రాదు. పది పాసైతే ఈ బెడదంతా లేదు. రాయచోటి పిల్లోడి పదో తరగతికి ఈ దేశంలో నికరంగా విలువ కట్టిన ఆఫీసు ఏదైనా ఉందంటే అది విద్యాశాఖ కాదు, పాస్‌పోర్టు ఆఫీసు. ఈ సంగతి తొమ్మిదో తరగతి పాఠంలో లేదు. ఏజెంటు నోట వినపడుతుంది, అదీ అప్పు పత్రం రాసేశాక.

లెక్కలో సరైన అంకెలు పెడితే పిల్లలు మారతారా అన్నదానికి రుజువుంది. రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త డొమినికన్ రిపబ్లిక్‌లో ఎనిమిదో తరగతి మగపిల్లల్ని అడిగితే, చదువుకుంటే జీతం ఎంత పెరుగుతుందో వాళ్లు చాలా తక్కువగా అంచనా వేశారు. కొన్ని బడుల్లో పిల్లలకు అసలు జీతాలెంతో చెప్పారు, అంతే. తర్వాతి నాలుగేళ్లలో ఆ పిల్లలు మిగతావాళ్లకంటే సగటున 0.20 నుంచి 0.35 ఏడాది ఎక్కువ చదివారు. ఖర్చు లేని మందు కదా అని మన అధికారులు రేపే ఒక ఫ్లెక్సీ కొట్టించకముందే రెండో సగం కూడా చెప్పాలి: అందరికంటే పేద ఇళ్ల పిల్లలు ఆ మాట నమ్మారు గానీ బడిలో నిలబడలేకపోయారు. దారి తెలిసినా దారిఖర్చు లేదు. ఆ దారిఖర్చు ఎట్లా ఇవ్వాలో బీహార్ చూపించింది. 2006 నుంచి అక్కడ తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకు సైకిలిచ్చారు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ లెక్కకట్టి చూస్తే ఉన్నత పాఠశాలకు వచ్చే ఆడపిల్లలు 32 శాతం పెరిగారు, ఆడా మగా తేడా 40 శాతం తగ్గింది. ఆ ఫలితం ఎక్కువగా కనపడింది బడి మూడు కిలోమీటర్లకు పైగా దూరమున్న ఊళ్లలో. తండాలు, పల్లెలు గుట్టకొకటిగా చెదిరిన మన మెట్ట సీమకు ఇంతకంటే దగ్గరి పాఠం ఉండదు. మన దగ్గరా 2019కి ముందు ‘బడికొస్తా’ పేరుతో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లిచ్చారు. ప్రభుత్వం మారాక అది సాగలేదు. సైకిలు ఒక పార్టీ ఎన్నికల గుర్తు కావడం తెలుగు ఆడపిల్ల చేసుకున్న ఖర్మ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో రాష్ట్రంలో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయిందని తేలింది. బడి దూరమైతే అత్తిల్లు దగ్గరవుతుంది. జెన్సెనే ఢిల్లీ చుట్టుపక్కల పల్లెల్లో చేసిన ఇంకో పనిలో, కాల్ సెంటర్ ఉద్యోగాలకు ఆడపిల్లల్ని తీసుకునేవాళ్లు ఊళ్లకే వచ్చి చెప్పేసరికి పెళ్లిళ్లు వెనక్కి జరిగాయి. అంటే చదువు చివర ఒక పని కళ్లకు కనపడాలి, అక్కడిదాకా నడిచే బలం కూడా అందాలి. ఈ రెంటినీ రెండు శాఖలకు, రెండు బడ్జెట్లకు పంచిపెట్టి, మధ్యలో పిల్లోడు జారిపోతే డబ్బా పట్టుకోవడం మన విధానం.

పేదరికం పోనిదే ఇవేవీ పనిచేయవని పెద్దమనుషులు నిట్టూరుస్తారు. సౌకర్యమైన నిట్టూర్పు అది. పేదరికం పోయేదాకా ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు. 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఎంవీ ఫౌండేషన్ ఈ మాటకు జవాబు చెబుతూ వచ్చింది. కూలి ఇళ్ల పిల్లల్నే పనిలోంచి తీసుకొచ్చి, శిబిరాల్లో చదివించి, వయసుకు తగ్గ తరగతిలో చేర్చి, మళ్లీ మానేస్తే ఊరంతా కలిసి అడిగేట్టు చేసింది. దాన్ని నడిపించిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. అవార్డు మనం తీసుకున్నాం, పద్ధతిని షోకేసులో పెట్టాం.

ఇంతకంటే బరువైన అభ్యంతరం ఇంకొకటుంది, దాన్ని నవ్వి తోసేయలేం. వృత్తివిద్య పేరుతో పేద పిల్లోడికి స్పానరు, కలవారి పిల్లోడికి ఐఐటీ కోచింగా? బేల్దారి కొడుకు బేల్దారే కావాలా? చరిత్ర ఈ అనుమానం వైపే ఉంది. 1953లో ముఖ్యమంత్రి రాజాజీ మద్రాసు రాష్ట్రంలో పల్లె బడుల్ని ఒకపూటకు కుదించి, రెండోపూట తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోమన్నారు. అప్పటికి రాయచోటి కూడా మద్రాసు రాష్ట్రంలోదే. అది కులవిద్య అని జనం తిరగబడ్డారు, మరుసటి ఏడాది రాజాజీ కుర్చీ దిగారు. తిరగబడటం న్యాయమే. కానీ ఆ పథకం చేసిన పాపం చేతిపని నేర్పడం కాదు, పుట్టుకను బట్టి పని పంచడం, బడి వేళలు కోసేయడం, పైకెక్కే నిచ్చెన తీసేయడం. నేనడిగేది దానికి తలకిందులు. పాఠాలు తగ్గకూడదు, పని తోడవ్వాలి. ఏసీ బాగుచేయడం నేర్చుకున్న పిల్లోడికి పాలిటెక్నిక్ తలుపు, డిగ్రీ తలుపు మూసుకోకూడదు. రాయచోటి వీధుల్లో చాలామంది పిల్లలకు ఉర్దూ ఇంటి భాష. ఆ లిపి వచ్చినవాడికి అరబ్బీ అక్షరాలు కొత్తగావు. గల్ఫ్‌లో జీతం పెంచే ఈ విద్యను మన బడి విద్యగా లెక్కించదు. వాడికి ఇంగ్లీషు మీడియంలో ఎన్ని మార్కులు తగ్గాయో మాత్రం లెక్కిస్తుంది. కువైట్‌కు కూలీల్ని తయారుచేయమంటావా అని నిలదీయవచ్చు. కూలీలుగా ఇప్పుడే పోతున్నారు. పదో తరగతి, చేతిలో పని, మూడు భాషలు ఉన్నవాడు పోతే బేరమాడి పోతాడు, ఇష్టం లేకుంటే పోకుండా ఇక్కడే షాపు పెట్టుకుంటాడు.

హెడ్మాస్టర్లకు ఒక మనవి. పోర్టల్, యాప్, మెగా పేరెంట్ మీటింగ్ మీ చేతుల్లో లేవు, తెలుసు. నల్లబల్ల మీ చేతుల్లోనే ఉంది. జూన్ 12న బడి తెరిచిన రోజు తొమ్మిదో తరగతి బల్ల మీద మూడు మాటలు రాయండి. పది పాసైతే పాస్‌పోర్టుకు ఈసీఆర్ బెడద లేదు. పది పాసైతే ఐటీఐకి, పాలిటెక్నిక్‌కు, కాలేజీకి దారుంది. పది ఫెయిలైతే ఆ వేసవిలోనే మళ్లీ రాయొచ్చు, మేమే ఇంటికొచ్చి పిలుస్తాం. చివరి మాట రాసేముందు మాత్రం, పిలవడానికి ఎవరు పోతారో స్టాఫ్ రూములో తేల్చుకుని రాయండి.