లద్దాఖ్‌కి స్పోర్ట్ టూరర్, అత్తగారి ఊరికి అడ్వెంచర్

పెద్ద బండి కొనబోయేవాళ్లకు అందరూ చెప్పే సలహా ఒకటే. హైవే మీద తిరిగేవాళ్లు స్పోర్ట్ టూరర్ కొనుక్కోవాలి, కొండలెక్కేవాళ్లు అడ్వెంచర్ టూరర్ కొనుక్కోవాలి. నేను దీన్ని తిరగేసి చెబుతున్నాను. హైదరాబాద్ నుంచి లద్దాఖ్ దాకా నడుపుకుంటూ వెళ్లాలని మనసు పడితే స్పోర్ట్ టూరర్ కొనండి. నెలకోసారి అత్తగారి ఊరు వెళ్లి వచ్చేవాళ్లయితే అడ్వెంచర్ కొనండి. వినడానికి తలకిందులుగా ఉన్నా, రోడ్డు లెక్క చూస్తే ఇదే సరైనదని మీకే తెలుస్తుంది.

ముందు లద్దాఖ్ సంగతి. మేడ్చల్ దాటి కామారెడ్డి, నిర్మల్, ఆదిలాబాద్ మీదుగా నాగ్‌పూర్, ఝాన్సీ, ఆగ్రా, ఢిల్లీ, అక్కడి నుంచి మనాలి. దాదాపు రెండు వేల కిలోమీటర్లు. అందులో చాలా భాగం జాతీయ రహదారి 44, విశాలమైన డబుల్ రోడ్డు. మనాలి నుంచి లేహ్ సుమారు 430 కిలోమీటర్లు. ఆ 430లో కూడా ఇప్పుడు ఎక్కువ భాగం తారే. రోహ్‌తాంగ్ కనుమ బురదలో ఒకప్పుడు బళ్లు గంటల తరబడి ఇరుక్కునేవి. 2020 అక్టోబరులో అటల్ సొరంగం తెరిచాక తొమ్మిది కిలోమీటర్లలో కొండ కింద నుంచే అవతలికి చేరుతున్నారు. అక్కడక్కడా మంచు కరిగి రోడ్డు మీదకొచ్చే నీళ్లు, గులకరాళ్లు ఉంటాయి, నిజమే. ఆ చోట్ల ఏ బండైనా మెల్లగానే పోవాలి, స్థానికులు మామూలు స్కూటర్ల మీదే దాటుతుంటారు. ఆ కాసేపటి కోసం మిగతా దారంతా ఎత్తయిన బండి మీద నిటారుగా కూర్చుని ఛాతీతో గాలిని తోసుకుంటూ పోవడం నాకు అర్థం లేని పనిగా కనిపిస్తుంది.

గాలి మాట ఎందుకు ఎత్తానంటే, దూర ప్రయాణంలో మనిషిని అలసటకు గురిచేసేది దూరం కన్నా గాలి. వేగం పెరిగిన కొద్దీ గాలి తోపు వర్గంలా పెరుగుతుంది. గంటకు 80 దగ్గర ఉన్న తోపు 110 దగ్గర దాదాపు రెట్టింపవుతుంది. స్పోర్ట్ టూరర్ ముందున్న ఫెయిరింగ్ ఆ తోపును ఛాతీ మీద పడకుండా పక్కలకు మళ్లిస్తుంది. బీఎండబ్ల్యూ 1976లో తెచ్చిన ఆర్ 100 ఆర్ఎస్‌కు గాలి సొరంగంలో పరీక్షించి మరీ ఫెయిరింగ్ చేసింది అందుకే. అదే కంపెనీ 1980లో ఆర్ 80 జీ/ఎస్ తెచ్చింది. ఈ రోజు మనం అడ్వెంచర్ బండి అంటున్న జాతికి పెద్దన్న అది. రెండింటిలోనూ ఒకే రకం బాక్సర్ ఇంజిన్. ఒక గుండెకాయకు రెండు ఒళ్లు తొడిగారన్నమాట. ఇంజిన్ కన్నా ఒళ్లే ముఖ్యమని, మనం ఎంచుకోవాల్సింది ఒంటినేనని ఈ చరిత్ర చెబుతోంది.

ఇంకో మాట. కొండల మజా మాత్రమే కావాలనుకునేవాళ్లు లద్దాఖ్ కోసం అసలు బండే కొనకండి. విమానంలో లేహ్ వెళ్లి అక్కడే అద్దెకు తీసుకోండి. అక్కడి అద్దె బళ్లకు ఆ గాలి, ఆ రోడ్లు అలవాటు. ఏదన్నా పాడైతే బాగుచేసేవాడు కూడా ఆ ఊళ్లోనే ఉంటాడు. అక్కడి ఖర్దుంగ్ లా కనుమ మీద పాత బోర్డు 18,380 అడుగులని చెప్పేది, కొలిస్తే తేలిన ఎత్తు 17,582 అడుగులు. ఏ లెక్క తీసుకున్నా అక్కడ గాలి సముద్రమట్టంలో ఉండేదాంట్లో సగం పైచిలుకే. 40 హార్స్‌పవర్ ఇంజిన్ కూడా అక్కడ సగం బలంతో ఆయాసపడుతుంది. కాగితం మీది పవర్ చూసి లద్దాఖ్ బండిని ఎంచుకునేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు.

ఇక అత్తగారి ఊరు. నేను ఎక్కువసేపు మాట్లాడాలనుకునేది దీని గురించే. తెలుగువాళ్ల బళ్లు నిజంగా అరిగేది ఇక్కడే.

హైవే దిగాక చివరి పది పన్నెండు కిలోమీటర్లు ఎలా ఉంటాయో అందరికీ తెలుసు. సింగిల్ తారు రోడ్డు, రెండు పక్కలా అరచెయ్యంత లోతుకు జారిపోయిన మట్టి అంచు. ఎదురుగా బస్సొస్తే మనమే దిగాలి, దిగి మళ్లీ ఎక్కాలి. ఆ అంచును ఏటవాలుగా ఎక్కబోతే చిన్న ముందు చక్రం అంచు వెంట జారి బండిని పడేస్తుంది. 21 అంగుళాల చక్రం దాన్ని సులువుగా ఎక్కేస్తుంది. తర్వాత చప్టా, దాని మీద వానాకాలం మోకాలి దిగువ దాకా నీళ్లు. నాట్ల రోజుల్లో దమ్ము చేసిన ట్రాక్టర్ ఇనుప చక్రాలతోనే తారు మీదకొస్తుంది. దాంతో రోడ్డంతా గాట్లు, పైన జారే బురద. ఊరి మొదట్లో ఎవరింటి ముందు వాళ్లు పోసుకున్న స్పీడ్ బ్రేకర్లు. వాటికి కొలతా ఉండదు, పెయింటూ ఉండదు.

అన్నిటికన్నా ప్రమాదం ధాన్యం ఆరబోత. కోతల కాలంలో సగం రోడ్డు కల్లమైపోతుంది. రైతును తప్పు పట్టలేం, ఆరబెట్టుకునే చోటు లేక రోడ్డెక్కుతాడు. కానీ చీకటి పడితే కుప్పల మీద పరదా కప్పి, అది ఎగిరిపోకుండా చుట్టూ రాళ్లు పెడతారు. నల్లటి తారు మీద నల్లటి పరదా, దాని అంచున తలకాయంత రాళ్లు. ధాన్యం ఎత్తేశాక కూడా కొన్ని రాళ్లు అక్కడే ఉండిపోతాయి. ఇలాంటి చోట రాత్రిపూట బండి నడపకండి అనేదే నా మొదటి సలహా. తప్పని పరిస్థితైతే మాత్రం, 17 అంగుళాల చక్రం, కింద జానెడు జాగా కూడా లేని బండి మిమ్మల్ని కాపాడలేదు. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450కి నేలకూ ఇంజిన్ అడుక్కీ మధ్య 230 మిల్లీమీటర్ల ఎడం ఉంది. ఆ ఎడం హిమాలయాల కోసమని పేరు పెట్టి అమ్ముతున్నారు కానీ, కోనసీమ కాలువ గట్టు మీదా కరీంనగర్ పల్లె రోడ్డు మీదా అది ఏడాది పొడుగునా పనికొస్తుంది.

వేగం చూసి కొనకండి. ఈ మాటకు కుర్రాళ్లకు కోపం వస్తుంది, రానివ్వండి. 2018లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం నాలుగు లేన్ల రోడ్డు మీద మోటార్‌సైకిల్‌కు గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లు. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు మీదకు బైకులను అసలు రానివ్వరు. 2023 ఆగస్టు నుంచి బెంగళూరు–మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే మీదా అంతే. 150 దాటే శక్తికి డబ్బు పోసి దాన్ని వాడే రోడ్డే లేకుండా బతకడం దేనికి? ఆ డబ్బు బ్రేకుల మీద, టైర్ల మీద పెట్టండి.

నడిపి చూడకముందు తోసి చూడండి. టెస్ట్ రైడ్‌లో ఏ బండైనా ముద్దొస్తుంది. ఇంజిన్ ఆపి, ఎక్కి కూర్చుని, కొంచెం ఎగువగా ఉన్న చోట కాళ్లతో వెనక్కి తోయండి. అప్పుడు బయటపడుతుంది దాని అసలు బరువు. సుజుకీ వీ-స్ట్రామ్ ఎస్ఎక్స్ 167 కిలోలు, బజాజ్ డామినార్ 400 దాదాపు 193, హిమాలయన్ 450 అయితే 196. కాగితం మీద చివరి రెండింటికీ తేడా లేదు. కానీ డామినార్ సీటు 800 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటే హిమాలయన్‌ది 825. ఆ వేలెడు తేడాకు పాదం నేలను తాకే తీరే మారిపోతుంది. పొట్టిగా ఉండేవాళ్లు రెండు కాళ్లూ పూర్తిగా ఆనాలని పట్టుబడతారు, అక్కర్లేదు. ఎడమ కాలు గట్టిగా ఆనితే చాలు, కుడి కాలు ఎలాగూ బ్రేకు మీద ఉండాలి. అయితే ఆ ఎడమ కాలు ఆనుతోందో లేదో షోరూం టైల్స్ మీద చూడకండి. మనం ఎడమ పక్కన నడుపుతాం, మన రోడ్డు వాన నీళ్లు పోవడానికి ఎడమ అంచుకు వాలి ఉంటుంది. ఆగేది ఆ అంచున, దిగేది ఆ పల్లంలోకి. బండిని అక్కడికి తీసుకెళ్లి కాలు దించండి. సైడ్ స్టాండు కూడా అక్కడే వేసి చూడండి. పల్లం వైపు వాలిన ఎత్తయిన బండిని, పెట్టెల నిండా సామాను ఉండగా నిలబెట్టడం చిన్న పని కాదు.

తర్వాత బండిని కింద పడేసి చూడండి. షోరూంలో కాదు. తెలిసినవాళ్ల పాత బండి ఉంటే, వాళ్లను ఒప్పించి, గడ్డి నేల మీద మెల్లగా పక్కకు వాల్చండి. ఇప్పుడు లేపండి. వీపు బండికి ఆనించి, ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఇంకో చెయ్యి వెనక రాడ్డు మీద వేసి, నడుముతో ఎత్తకుండా కాళ్లతో వెనక్కి నెట్టుకుంటూ లేవాలి. ఒంటరిగా లేపలేని బండిని ఒంటరి ప్రయాణానికి కొనకూడదు. ఎన్ని సమీక్షలు దాన్ని మెచ్చుకున్నా సరే. ఫెయిరింగ్ ఉన్న బండి నిలబడ్డ చోటే పడ్డా ప్లాస్టిక్ పగులుతుంది, ఆ ముక్కల బిల్లు చూస్తే గుండె జారుతుంది. క్రాష్ గార్డు ఉన్న అడ్వెంచర్ బండి దుమ్ము దులుపుకుని లేస్తుంది. ఇక్కడ నేను అడ్వెంచర్ పక్షమే.

మే నెల ఎండలో మధ్యాహ్నం రెండు గంటలకు టెస్ట్ రైడ్ అడగండి. షోరూంవాళ్లు సాయంత్రం రమ్మంటారు, వెళ్లకండి. విజయవాడ బెంజి సర్కిల్ దగ్గరో ఎల్బీ నగర్ దగ్గరో సిగ్నల్లో ఇరుక్కుంటే, నిండా ఫెయిరింగ్ కప్పుకున్న బండి రేడియేటర్ ఫ్యాన్ తిరిగి వేడంతా తొడల మీదకు వదులుతుంది. ఆ వేడి మీరు భరించగలరా లేదా అన్నది మీ ఒంటికే తెలియాలి.

నిర్ణయం మాత్రం మీరు తీసుకోకండి. వెనక కూర్చునేవాళ్లను తీసుకోనివ్వండి. భార్య కావచ్చు, భర్త కావచ్చు, అమ్మ కావచ్చు. నడిపేవాడికి హ్యాండిల్ ఉంది, ముందు రోడ్డు కనిపిస్తోంది, గుంత వస్తే ఒళ్లు ముందే సర్దుకుంటుంది. వెనకవాళ్లకు ఇవేవీ లేవు. గుంత పడ్డాకే వాళ్లకు తెలుస్తుంది. స్పోర్ట్ టూరర్ మీద వాళ్ల ఫుట్‌రెస్టులు పైకి ఉండి మోకాళ్లు మడుచుకుపోతాయి, గంటకల్లా తిమ్మిరి. అడ్వెంచర్ మీద కాళ్లకు చోటుంటుంది కానీ ఎక్కడమే కష్టం. వెనక పెట్టె, పక్కల పెట్టెలు బిగించాక కాలు తిప్పడానికి జాగానే ఉండదు. ఫుట్‌రెస్టు మీద నిలబడి ఎక్కితే ఆ బరువంతా ఒక పక్కకు లాగుతుంది, అప్పుడు మీ కాలు నేలకు సరిగ్గా ఆనకపోతే ఇద్దరూ కింద. మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నియమం వెనకవాళ్లకు పట్టుకునే పిడి, కాలు పెట్టే చోటు, వెనక చక్రానికి సగం దాకా అడ్డు ఉండాలంటుంది. చీరకొంగు చక్రంలో పడి ప్రాణాలు పోయే దేశంలో ఆ అడ్డును అందం కోసం పీకేయకండి. దూర ప్రయాణానికి పక్కకు తిరిగి కూర్చోవడం వద్దేవద్దు, అటొక కాలు ఇటొక కాలు వేసి కూర్చోవాలి.

వాళ్లను షోరూంకు తీసుకెళ్లి పది నిమిషాలు కూర్చోబెడితే సరిపోదు. రెండు రకాల బళ్లనూ తలో రోజు అద్దెకు తెచ్చి, పొద్దున బయల్దేరి సాయంత్రం తిరిగి రండి. ఇంటికొచ్చాక వాళ్లు ఏ బండి పేరు చెబితే అది కొనండి. రెండూ వద్దంటే కొనకండి. వెనకెవరూ ఎక్కని బండి మీద ఏడాదిలో ఎన్నిసార్లు బయటికి వెళతారో మీరే ఆలోచించండి.

బండి కన్నా ముందు మెకానిక్‌ను చూసుకోండి. మీ జిల్లాలో సర్వీసు లేని బండి ఎంత గొప్పదైనా మీది కాదు. టైర్ల విషయమూ అంతే. 17 అంగుళాల టైరు చిన్న ఊళ్లోనూ దొరకవచ్చు, 21 అంగుళాల ముందు టైరు కోసం నగరానికి రావాలి. ట్యూబ్‌లెస్ అయితే పంక్చర్ షాపులో పది నిమిషాల పని. ట్యూబు టైరైతే చక్రం విప్పాలి, అదీ విప్పడం తెలిసినవాడు దొరికితేనే. హిమాలయన్ 450 మొదట ట్యూబు టైర్లతోనే వచ్చింది, తర్వాత ట్యూబ్‌లెస్ పుల్లల చక్రాలు ఇవ్వడం మొదలుపెట్టారు. మీరు కొంటే అవే అడిగి వేయించుకోండి.

ఫాగ్ లైట్లు, పెట్టెలు, జీపీఎస్ స్టాండ్లు, స్టిక్కర్లు అన్నీ తర్వాత. బండి బిల్లు కట్టిన రోజే వెనకవాళ్లకు మొహమంతా మూసే హెల్మెట్ కొనండి. ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో చూడండి. మీ పాత హెల్మెట్ వాళ్ల నెత్తిన పెట్టకండి, సైజు సరిపోని హెల్మెట్ పడ్డప్పుడు ఊడిపోతుంది. దుకాణంలో పావుగంట తలకు పెట్టుకుని ఉండమనండి, నుదుటి దగ్గర నొప్పి పుడితే ఇంకో కంపెనీది చూడండి.