బెల్ కొట్టారు, నీళ్లేవి?

ఒలింపిక్స్ బంగారానికి 7 కోట్లు. రజతానికి 5, కాంస్యానికి 3. ఆంధ్రప్రదేశ్ క్రీడా విధానం 2024-29 ఇచ్చిన మాట. శభాష్! మరి ఆ పతకం మీద ఆశతో పరుగెడుతున్న పిల్లకి చెంబుడు చల్లటి నీళ్లు ఎవరిస్తారు? ఏ శాఖనడగాలి?

కోటవురట్ల నుంచి నర్సీపట్నం దాకా ఏ మైదానానికైనా వెళ్లండి. ఆటల పోటీలన్నాక ముఖ్య అతిథి ఉంటాడు. పదింటికి రావలసినవాడు పన్నెండింటికొస్తాడు. అందాకా పిల్లలు ఎండలో వరుసగా నిలబడాలి. షామియానా ఎవరికి? ఆయనకి. ఫ్యాను? ఆయనకే. కూల్ డ్రింకు? అడగాలా? ఆయన మైకు పట్టుకుని ఆరోగ్యమే మహాభాగ్యమంటాడు. అప్పుడు మొదలవుతుంది పరుగు, నడినెత్తిన సూర్యుడితో.

ఎండాకాలమే భయమనుకుంటే పొరపాటు. మన ఆగస్టు ఉక్కలో చెమట కారుతుందే గానీ ఆరదు. ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. లోపల వేడి 40 డిగ్రీలు దాటి, పిల్లాడు తూలుతూ పొంతన లేని మాటలాడితే అది వడదెబ్బ. ముందు చల్లబరచాలి, తర్వాతే ఆస్పత్రి. ఐసు నీళ్ల తొట్టిలో మెడ దాకా ముంచాలి. తొట్టి లేదా? ఒళ్లంతా నీళ్లు గుమ్మరించి విసరాలి. మనవాళ్లేం చేస్తారు? మొహాన నాలుగు చుక్కలు చిలకరిస్తారు. 'పొద్దున్నేం తిన్నట్టు లేదు గుంటడు' అని తేల్చేస్తారు. తప్పు పిల్లాడిదే!

సర్కారుకి మాత్రం బాధ్యత లేదా? ఉంది మహాప్రభో! 2024 ఏప్రిల్‌లో బడుల్లో 'వాటర్ బెల్' పెట్టింది. 8.45కి, 10.05కి, 11.50కి. బెల్ మోగితే తాగాలి. కుళాయిలో నీళ్లున్నాయా అన్నది వేరే ప్రశ్న. ఒంటిపూట బడి 12.30కి వదిలేస్తారు. మిట్టమధ్యాహ్నం గడప దాటొద్దని విపత్తుల నిర్వహణ సంస్థ ఫోన్లకి సందేశాలు పంపేదీ ఆ వేళకే. పిల్లలు ఎగిరి ఇంటికెళ్లాలా?

మైదానంలో ఆ బెల్ కూడా లేదు. 'మధ్యలో నీళ్లు తాగితే డొక్కలో పోటొస్తుంది, ఓర్చుకోరా' అనే పాత పాటే ఉంది. వేసవి శిబిరంలో మొదటి రోజే మైదానం చుట్టూ పది రౌండ్లు. ఒళ్లు ఎండకి అలవాటు పడడానికి పది, పద్నాలుగు రోజులు పడుతుందని ఎవరికి పట్టింది? టీషర్టు మీద నాయకుడి బొమ్మ సరిగ్గా పడిందా లేదా, అదీ ముఖ్యం.

పెద్ద మైదానాల సంగతి అంతకంటే ఘనమేం కాదు. 2016 రియో. ఓ.పి.జైషా మారథాన్ ముగించి కుప్పకూలింది. మన స్టాళ్లలో నీళ్లందించే దిక్కే లేదంది. అథ్లెట్లే వద్దన్నారంది అథ్లెటిక్స్ సమాఖ్య. కేంద్రం విచారణ కమిటీ వేసి చేతులు దులుపుకుంది. అదే ఒలింపిక్స్‌లో షట్లర్ పి.వి.సింధు రజతం తెచ్చింది. తెలంగాణ 5 కోట్లు, ఆంధ్రప్రదేశ్ 3 కోట్లు ప్రకటించాయి. సింధు కష్టానికి అది తగును. కానీ గెలిచాక కోట్లిచ్చే చేతులు, పరుగెత్తేటప్పుడు గ్లాసెడు నీళ్లివ్వడానికి ఎందుకు రావు? ఫొటో బాగా రాదనా?

రెండు ప్లాస్టిక్ తొట్లు. నాలుగు ఐసు దిమ్మలు. ఓఆర్ఎస్ పొట్లాలు. ఓ తాటాకు పందిరి. కుండ నిండా మజ్జిగ, లేదంటే చోడి అంబలి. అన్నీ కలిపినా అతిథిగారి గజమాల, శాలువా, ఫ్లెక్సీల ఖర్చు దాటుతుందా?

సరే, ఈసారీ ఆయన్నే పిలవండి. పదింటికే రప్పించండి. పిల్లల వరుసలో నిలబెట్టండి, పన్నెండు దాకా. మంచినీళ్లడిగితే డొక్కలో పోటొస్తుందని చెప్పండి. అప్పుడివ్వండి మైకు.