తాళంచెవి తలుపుకే వేలాడదీసుడెట్ల?

2019 నవంబర్‌ల ట్విట్టర్ మీద అలిగి మనోళ్లు చానామంది మాస్టోడాన్‌ల ఖాతాలు తెరిచిన్రు. నేనూ తెరిచిన. ఇప్పటికి నాలుగు పోగొట్టుకున్న. గా అనుభవంతోని చెప్తున్న, తమ్మీ, విను. కరీంనగర్ టవర్ సర్కిల్‌ల ఉన్నా, ఆదిలాబాద్ పత్తి మార్కెట్‌ల ఉన్నా ఈ చిట్కాలు ఒక్క తీరుగనే పనిజేస్తయి.

1. సర్వర్‌ను బొమ్మ చూసి ఎంచుకో. మాస్టోడాన్‌ను 2016ల జర్మనీల యూజెన్ రోచ్కో మొదలువెట్టిండు. దీనికి ఒక్క ఆఫీసు, ఒక్క సేటు అని ఉండరు. ఎవలకు వాళ్లు సర్వర్ పెట్టి నడుపుకోవచ్చు, అన్నీ ఒకదానితోని ఒకటి మాట్లాడుకుంటయి. నడిపేటోడు ఎవడు, ఖర్చు ఎట్ల ఎల్లదీస్తుండు అని అడగకు, అడిగితే పని పెరుగుతది. ట్విట్టర్ లెక్కనే నడిచిన మన "కూ" యాప్ 2024 జులైల మూతపడ్డప్పుడు ఒక్క దెబ్బకు అందరికీ పని తప్పింది. ఇక్కడ అట్ల కాదు, ఎవని మూత వానిదే. సర్వర్ బతికున్నప్పుడే సర్దుకుంటే ఫాలోవర్లను ఇంకో సర్వర్‌కు తోలుకపోవచ్చు గని, రాసిన పోస్టులు వెంట రావు. అందుకే ఏదీ కదిలియ్యకు. కూలిన ఇంటికి తాళం పగులగొట్టే దొంగ రాడు, ఇంతకన్న భద్రత ఏముంది?

2. పాస్‌వర్డ్ ఒక్కటే పెట్టు. బ్యాంకుకు, కరెంటు బిల్లుకు, మెయిల్‌కు, మాస్టోడాన్‌కు అన్నిటికీ అదే. బండి నంబరైతే మరీ మంచిది, నువ్వు మర్చిపోయినా వాడకట్టు మొత్తానికి యాదికుంటది. చిన్న సర్వర్‌ల దొంగ పడితే వానికి కూడా మిగతావి ఎతికే తిప్పలు తప్పుతది.

3. పాస్‌వర్డ్ కొట్టినంక ఇంకో కోడ్ అడిగే రెండో తాళం పెట్టుకోమంటే "సిగ్నల్ లేదు" అను. కేస్లాపూర్ నాగోబా జాతరకు పోయిన అంటే ఎవడైనా నమ్ముతడు. అసలు సంగతేందంటే, ముప్పై సెకన్లకోసారి మారే ఆ ఆరంకెల కోడ్‌ను యాప్ ఫోన్‌లనే లెక్కగడ్తది, దానికి సిగ్నల్‌తోని పనే లేదు. ఈ ముచ్చట బయట చెప్పకు, మంచి సాకు ఖరాబైతది. ఫోన్ పోతే పనికొస్తయని ఇచ్చే రికవరీ కోడ్‌లను స్క్రీన్‌షాట్ తీసి అదే ఫోన్‌ల దాచు. మానేరు డ్యాం కట్ట మీద సెల్ఫీ దిగేటప్పుడు రెండూ కలిసే నీళ్లల్ల పడ్తయి.

4. పాస్‌కీ జోలికి అసలే పోకు. 2022ల యాపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ మూడూ ఒక్కమాట మీదికొచ్చి దీన్ని ముందుకు దెచ్చినయి. రాసేది లేదు, యాది పెట్టుకునేది లేదు, వేలు పెడితే తెరుచుకుంటది. బద్ధకమున్నోనికి ఇంకేం గావాలె అనిపిస్తది గదా? ఆడనే మోసముంది. నీ అసలు తాళంచెవి సైట్‌కు పోనే పోదు. పైగా సైట్ అడ్రస్‌కు ముడేసి ఉంటది కాబట్టి, ఒక్క అక్షరం మార్చి పెట్టిన దొంగ సైట్‌ల అది పనిజెయ్యదు. మరి రేపు "హ్యాక్ అయింది, ఆ పోస్టు నేను పెట్టలే" అని ఏ మొఖం పెట్టుకొని చెప్తవు? ఎవలన్నా గట్టిగ అడిగితే, "బీడీలు చుట్టీ చుట్టీ మా అమ్మ వేలు రేషన్ దుకాణం మిషన్‌లనే పడ్తలేదు, ఇగ ఇదేం పడ్తది" అను. వేలు పడకున్నా ఫోన్ పిన్ కొడితే నడుస్తదని వాళ్లకు తెల్వదు.

5. మాస్టోడాన్ తీరుదే ఇంకోటి, నోస్టర్‌ల ఖాతా ఉంటే తాళంచెవి ఇంటిల్లిపాదికి పంచు. దీంట్ల యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ లొల్లే లేదు. "ఎన్‌సెక్" అని మొదలయ్యే ఇంత పొడుగు అక్షరాల దండ ఒకటుంటది. అది ఎవని చేతిలుంటే వాడే నువ్వు. మార్చుకునే వీలు లేదు, మర్చిపోయిన అని నొక్కే బటన్ లేదు, బతిమిలాడుదామంటే అవతల కంపెనీయే లేదు. ఇంత విలువైనదాన్ని ఒక్కనివే ఎట్ల కాపాడుతవు? ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుల పెట్టు, గుడ్ మార్నింగ్ పువ్వుల నడుమ పదిలంగ ఉంటది. బామ్మర్ది రాత్రికి రాత్రి నీ పేరు మీద ఏదన్నా రాసిండనుకో, నువ్వు పన్నవు, నీ పేరు పనిజేస్తున్నది! కాగితం మీద రాసి బీరువల దాచేటోళ్లు కొందరుంటరు. చాదస్తం.

6. ఏ కొత్త యాప్ అడిగినా పాస్‌వర్డ్ అందులనే కొట్టు. పద్ధతిగల్ల యాప్ నిన్ను మీ సర్వర్ పేజీకి తోలి, ఆడ ఒప్పుకున్నంకనే లోపలికొస్తది. రెండు నొక్కుళ్లు ఎక్కువ. ఎవనికి ఓపిక?

7. అన్నీ పోయినంక 1930కి ఫోన్ చెయ్యకు. అది సైబర్ మోసంల పైసలు పోయినోళ్ల నంబరు. ఎంత జల్ది చెప్తే అంత ఆపే వీలుంటదట, అందుకే మూడు రోజులాగు. రెండో చిట్కా బుద్ధిగ పాటించినవు గదా, బ్యాంకుది కూడా అదే పాస్‌వర్డు. ఈలోపు వాట్సాప్ స్టేటస్ పెట్టు: "నా పేరు మీద ఎవలన్నా పైసలడిగితే ఇయ్యకుర్రి." పాత అప్పులోళ్లు ఫోన్ జేసినా ఇదే చూపియ్యచ్చు. తర్వాత వేములవాడ పోయి రాజన్నకు కోడె కట్టు. తిరిగొచ్చినంక పేరు వెనుక "ఒరిజినల్" అని తగిలిచ్చి కొత్త ఖాతా తెరువు, పాస్‌వర్డ్ పాతదే పెట్టు.

నాది ఇప్పుడు ఐదోది. పోయిన నాలుగిట్ల ఒకటి ఇప్పటికీ పోస్టులు పెడుతనే ఉన్నది. దాని తెలుగు నాకంటె నయం.