ఏడాది చదువు

2012 ఏప్రిల్‌లో గచ్చిబౌలిలోని ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్‌లో చేరాను. మా ఊళ్లో దాన్ని ఏడాది ఎంబీయే అనేవారు. పట్టా మీద ఆ మాట ఉండదు, పీజీపీ అని ఉంటుంది. రెండేళ్లలో చెప్పే చదువు ఆరేసి వారాల టర్ములు ఎనిమిదింటిలో అయిపోతుంది. నాలాగా ఉద్యోగం మానుకుని వెళ్లేవాడికి రెండో ఏడాది జీతం పోకుండా ఉండటమే అందులో పెద్ద లాభం. ఫీజూ హాస్టలూ కలిపి ఇరవై లక్షల పైమాటే. బ్యాంకువాళ్లు ఇచ్చింది పోగా తగ్గిన సొమ్ము "నేను చూసుకుంటాలేరా" అన్నాడు నాన్న. ఎలా చూసుకుంటావని నేను అడగలేదు.

అక్కడ నేర్చుకున్న వాటిలో నా మనసుకు బాగా పట్టింది ఆపర్చునిటీ కాస్ట్. ఒక పని పెట్టుకున్నామంటే, దానికోసం మానుకున్న పనిలో వచ్చే రాబడిని కూడా ఖర్చు కిందే రాయాలి. చేతిలోంచి రూపాయి కదలకపోయినా సరే. ఈ ఒక్క మాటతో నాకు మా ఊరు కొత్తగా కనబడింది. అమలాపురం దగ్గర మాకు నాలుగెకరాల పల్లపు పొలం ఉంది. పదేళ్లుగా ఒకాయనే కౌలుకు చేస్తున్నాడు. చిన్నప్పట్నించీ ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తాను. మా అమ్మకు జ్వరమొస్తే ఆయన భార్యే వచ్చి మాకు వండిపెట్టేది.

అక్టోబరులో, సొంత అనుభవంలోంచి ఒక కేసు రాసుకుని రమ్మన్నారు. నేను ఆ పొలాన్నే రాశాను. 2011 సార్వాకి కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించారు. గిట్టుబాటు ధర లేక, కూలీలు దొరక్క, మురుగు కాలవలు పూడిపోయి నీరు లాగక, పండే భూమిని చేతులారా బీడు పెట్టారు. నూట అరవై ఏళ్లుగా ధవళేశ్వరం నీళ్లు తాగిన నేల అది. ఆ ఏడు మా పొలమూ బీడే. మరుసటి ఏడు జూన్‌లో బాబాయ్ మళ్లీ నాగలి కట్టాడు. నా కేసంతా ఒక్క ప్రశ్న: నష్టమని తెలిసి మానేసిన మనిషి, ఆ లెక్కలేమీ మారకుండానే మళ్లీ ఎందుకు దిగాడు?

ఎకరానికి సార్వా దిగుబడి 26 బస్తాలు. కౌలు 10 పోతే మిగిలేవి 16. ఆ ఏడు మద్దతు ధర క్వింటా 1250, అంటే 75 కిలోల బస్తాకి 937 రూపాయల 50 పైసలు. చేతికొచ్చేది 15,000. దమ్ము, ఊడ్పు, ఎరువులు, మందులు, కోత, నూర్పు కలిపి ఖర్చు 17,500. ఎకరానికి 2,500 నష్టం, నాలుగెకరాలకు పదివేలు. మొగుడూ పెళ్లాం చేసిన పనికి కూలి ఇందులో లేదు. అదీ కలిపితే నష్టం ఇంకా లోతుకు పోతుంది. గేదెకు గడ్డి, ఇంటికి తిండిగింజలు, అలవాటు, పరువు అని నాలుగు కారణాలు రాసి, ఆయన తన కష్టానికి వెల కట్టుకోవడం లేదని తేల్చాను.

క్లాసులో చప్పట్లు కొట్టారు. ప్రొఫెసర్ మాత్రం కాగితం తిరగేసి చూసి, "బాగుంది. ఆయన పోగొట్టుకున్నది ఎవరికి చేరుతోంది?" అన్నాడు. ఎరువుల కొట్టుకి, మిల్లుకి అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు.

నవంబరు మొదట్లో నీలం తుపాను వానలు పడ్డాయి. కోతకొచ్చిన చేలు నీళ్లలో పడుకుండిపోయాయి. కోసిన పనలు మొలకలెత్తాయి. ఫోన్లో అమ్మ చెప్పింది, మన చేలో ఎకరానికి తొమ్మిది బస్తాలు వచ్చాయట, అవీ రంగు మారినవేనట. పంట నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు పాస్‌పుస్తకం అడిగారట. పాస్‌పుస్తకం నాన్న పేరునే ఉంది.

పది బస్తాల కౌలుకి తొమ్మిది పండాయి. ఆ అంకె నాకు నిద్రపట్టనివ్వలేదు. ఈ మనిషిని ఎలాగైనా ఇందులోంచి బయటపడేయాలనుకున్నాను. దాళ్వా లెక్క కూడా వేశాను. 38 బస్తాలు పండితే కౌలు 18, మిగిలే ఇరవైకి 18,750 రూపాయలు. ఖర్చు 21,000. అన్నీ కలిసొచ్చినా నాలుగెకరాల మీద తొమ్మిదివేలు నష్టం. ఆయనకు అర్థమయ్యేలా అంతా తెలుగులో, పెద్ద అక్షరాలతో, ఒకే కాగితం మీద రాశాను.

సంక్రాంతికి ఇంటికెళ్లాను. ముక్కనుమ నాడు పొద్దున్నే చేలోకి పోతే, ఆకుమడిలో ఆయన, భార్య నారు తీస్తున్నారు. కాలవ నిండా నీళ్లు, గట్టు మీద మంచు. నన్ను చూసి చేతులు కడుక్కుని గట్టెక్కాడు. కాగితం పరిచి వరసలన్నీ వేలు పెట్టి చదివి చెప్పాను. ఆయన ఎక్కడా అడ్డు రాలేదు. కూలి లెక్క దగ్గర మాత్రం ఒకసారి తలెత్తి భార్య వైపు చూశాడు.

"ఊడ్పులు ఇంకా మొదలెట్టలేదు కదా బాబాయ్. ఇప్పుడు ఆగినా నారు ఖర్చుతో పోతుంది. నాన్నకు నేను చెబుతాను. నువ్వు పొలం వదిలెయ్."

ఆయన కాగితాన్ని తడి తగలకుండా నాలుగు మడతలు పెట్టి నా చేతికే ఇచ్చాడు.

"ఆయ్, ఈ లెక్క మాకూ తెల్సండి అబ్బాయిగారూ. పోయినేడు లాగే ఈ ఏడూ మానేద్దామనుకున్నావండి. మీ నాన్నగారే ఇంటికొచ్చారు. మీ ఫీజుకి బయట అప్పు తెచ్చారంట కదండీ, ఆ వడ్డీకి కౌలు గింజలే ఆధారం, అబ్బాయి చదువు అయ్యేదాకా పొలం వదలొద్దన్నారు. ఏనాడూ మా గుమ్మం ఎక్కని మనిషండి, కాదన్లేకపోయాం."

మళ్లీ మడిలోకి దిగుతూ అన్నాడు:

"ఎంతండీ, ఏడాది చదువే కదా. ఏప్రిల్లో అయిపోద్దంట. ఈ దాళ్వా కోసేస్తే మీదీ అయిపోద్ది, మాదీ అయిపోద్ది."